పసుపు పెట్టిన కవరు

పొద్దున్నే షట్టరు సగం లేపి, వంగి లోపలికి దూరాక నాగేశ్ మొట్టమొదట చేసే పని లైటు వేయడం కాదు. బల్ల సొరుగులోంచి ఒక చిన్న స్టీలు మూత తీసి, అందులో చిటికెడు పసుపు వేసి, నాలుగు చుక్కల నీళ్లతో ఉంగరపు వేలితో కలుపుతాడు. ముందురోజు సాయంత్రం అంటించి పెట్టిన కవర్ల కట్టను దగ్గరికి జరుపుకుంటాడు. ఒక్కో కవరు తీసి నాలుగు మూలలా పసుపు అద్ది, ఆరేందుకు బల్ల మీద పరుస్తాడు. పరుస్తున్నంతసేపూ పెదవులు కదులుతూనే ఉంటాయి. "కొమురెల్లి మల్లన్నా, ఎవరి మాట వాళ్లకు సల్లగ ముట్టనియ్యి తండ్రీ." అతనికి వచ్చిన మంత్రం అదొక్కటే. అది అయ్యాకే లైటు, ఫ్యాను, ప్రింటరు.

ఈ అలవాటు వాళ్ల అమ్మ అనసూర్యది. నాగేశ్ పదిహేడేళ్లకే భీవండికి సాంచలు నడపడానికి వెళ్లాడు. సాంచలంటే మరమగ్గాలు. అప్పట్లో చేతి ఫోన్లు లేవు. అనసూర్యకు అక్షరం రాదు. వాడకట్టులోని ఒక సారు దగ్గర కూర్చుని ఉత్తరం రాయించి, పోస్టు డబ్బాలో వేసే ముందు నాలుగు మూలలా పసుపు పెట్టేది. అక్షరాలు సారువి, పసుపు అమ్మది. ఆ ఎనిమిదేళ్లూ నాగేశ్ కవరు అందగానే ముందు మూలలు వాసన చూసి, తర్వాతే విప్పేవాడు.

సిద్దిపేటకు తిరిగి వచ్చాక పాత బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం పెట్టాడు. భార్య శ్వేత కంప్యూటర్ నేర్చుకున్న మనిషి. దరఖాస్తులు, టైపింగులు ఆమె చూసుకునేది. ఒకరోజు చిన్నకోడూరు నుంచి ఒక ముసలావిడ వచ్చి, దుబాయిలో ఉన్న కొడుకు ఫోనులో పంపిన నాలుగు ముక్కలను చూపించి, "ఫోన్ల ఉంటె మాట పైకి పైకి పోతది బిడ్డా, మళ్ల దొరకది. కాయితం మీద తీసియ్యి" అంది. శ్వేత పెద్దక్షరాలతో తీసి ఇచ్చింది. ఆవిడ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుని, ముడిని రెండుసార్లు తడిమి చూసుకుని వెళ్లింది. ఆ తడమడం నాగేశ్ మనసులోంచి పోలేదు.

అట్లా ఈ ఉగాదికి మొదలైంది 'ఇంటికి ఉత్తరం'. ఎక్కడున్నవాళ్లయినా ఫోనులో మాట చెబితే చాలు, అదే అక్షరాలవుతుంది. అడ్రసు ఇస్తే దుకాణంలో ప్రింటు తీసి, కవర్లో పెట్టి, పోస్టులో పంపుతారు. వెబ్‌సైటు మొత్తం శ్వేత చేతి పనే. నాగేశ్ దగ్గరుండి పెట్టించిన వాక్యం ఒక్కటే ఉంది, అదీ అన్నిటికంటే పైన: 'మీ ఉత్తరం మేము చదవం.'

ఆ వాక్యం వెనక ఒక పాత గాయం ఉంది. భీవండి గదిలో నాలుగక్షరాలు వచ్చినవాడు నాగేశ్ ఒక్కడే కావడంతో అందరి ఉత్తరాలూ అతనే రాసేవాడు. ఒకతను తన జబ్బు సంగతి భార్యకు రాయించుకున్నాడు. నాగేశ్ చిన్నతనం కొద్దీ ఆ మాట ఇంకొకడి దగ్గర అన్నాడు. రెండు రోజుల్లో గదంతా పాకింది. అతను ఒక్క మాట కూడా అనకుండా పెట్టె సర్దుకుని వేరే గదికి మారిపోయాడు. తిట్టి ఉంటే నాగేశ్ ఎప్పుడో మరిచిపోయేవాడు.

అందుకే కాగితం బోర్లా పడే ప్రింటరునే ఏరి కొన్నాడు. మడతపెట్టేటప్పుడు చూపు గోడమీది క్యాలెండర్ మీదే ఉంచేవాడు. "మా ఆయనకు ఏకాదశి ఎన్నడో, అమాస ఎన్నడో మొత్తం కంఠస్తం అయింది, అయ్యగారు గూడ పనికిరాడు" అని శ్వేత వచ్చినవాళ్ల ముందు నవ్వేది. పసుపు దగ్గర మాత్రం ఆమె నవ్వలేదు.

"లోపల ఏమున్నదో తెల్వకుండ అన్నిటికీ పెడ్తున్నవ్. సావు కబురుంటె?"

"సావు కబురు ఈ దినాలల్ల టపాల ఎవరు పంపుతరే? నిమిషంల ఫోన్ కొడ్తరు. ఉత్తరం రాసిన్రంటె అది పావురంతోని, ప్రేమతోని రాసిందే."

పసుపు అంటిన కవరు ఇంటికి వస్తే శుభమని మన దగ్గర పసిపిల్లకు కూడా తెలుసు. అశుభం కబురు ఏ బొట్టూ లేకుండా వస్తుంది, చదివి చింపేస్తారు, గడప దాటనివ్వరు. నాగేశ్‌కు ఇది తెలియక కాదు. అతని లెక్కలోనే ఒక మనిషి తప్పిపోయాడు.

శ్రావణ మాసంలో ఒకరోజు, పదకొండు గంటలప్పుడు, స్కాలర్‌షిప్ దరఖాస్తుల కోసం దుకాణం ముందు పది మంది దాకా నిలబడి ఉన్నారు. డెబ్బై దాటిన ఒక పొడుగాటి మనిషి, తెల్ల ధోవతి, భుజాన తువ్వాల, చంకలో కొత్త చీర సంచితో వచ్చాడు. వీధి అవతలికి వినపడేలా అడిగాడు.

"గీ కవర్లు పంపేటోడు ఎవడు బిడ్డా?"

"నేనే కాకా."

"ఆఁ?"

"నేనే!"

"ఆయనకు ఇనపడ్తలేదు" అంది లైనులో ముందున్న ఆవిడ. తను కూర్చున్న స్టూలు ఖాళీచేసి, కొంగుతో దుమ్ము దులిపి, ఆయన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అడగకముందే టీ కొట్టతను ఒక గ్లాసు తెచ్చి పెట్టిపోయాడు. ఇట్లాంటి మనుషులున్న వీధి అది.

ఆయన పేరు పోశయ్య. అక్కన్నపేట అవతల ఒక చిన్న పల్లె. చొక్కా లోపలి జేబులోంచి కవరు తీశాడు. నాలుగు మూలలా పసుపు. అంటించింది అంటించినట్టే ఉంది, విప్పలేదు.

"నీ ఇల్లు సల్లగుండ! ఎంత మర్యాదగ పంపినవ్! మా ఊరి టపా పద్మమ్మ గల్లి మొదట్లకెళ్లే కవరు ఊపుకుంట వచ్చింది. 'కాకా, శుభం కబురు, భీవండికెళ్లి!' అని చెవుల ఒర్రింది. మూడు దినాలాయె, దేవుని కాడ పెట్టి దీపం పెడ్తున్న."

"మూడు దినాలు ఇప్పకుంట ఆగినవా తాతా?" లైనులోంచి ఒక కాలేజీ పిల్లకు ఆశ్చర్యం ఆగలేదు. పోశయ్య ఆమె పెదవులను చూసి ప్రశ్న పట్టుకున్నాడు.

"ఎట్ల ఇప్పుత బిడ్డా? మా ఎల్లిగాని మనుమరాలు పుట్టిననాడే మాటిచ్చిన, పెండ్లి చీర నాదని. శుభలేక ఖాళీ చేతులతోని ఇప్పుతారా? ఇయ్యాల పొద్దుగాల వచ్చి గొల్లభామ చీర కొన్న. ఇగ ఇప్పొచ్చు. నాకు సదువు రాదు. పంపినోడే సదివితె తప్పు రాదని నీ కాడికే వచ్చిన."

ఎల్లిగాడంటే ఎల్లయ్య. భీవండిలో ఇద్దరివీ పక్కపక్క సాంచలు, ఇరవై రెండేళ్లు. పోశయ్య ఊరికి వచ్చేశాడు, ఎల్లయ్య అక్కడే ఉండిపోయాడు. "సాంచల మోతకు నా చెవులు పోయినయ్. వానికి మీసం మాత్రం పోలే. గిట్ల దువ్వుతనే ఉంటడు కొడుకు" అంటూ లేని మీసం మెలేసి చూపించాడు. దుకాణమంతా నవ్వింది.

"తారీకు సదివి చెప్పు. బస్సు టికెట్టు తీసుకోవాలె."

'మేము చదవం' అన్న మాట నాగేశ్‌కు గుర్తుకొచ్చింది. కానీ కవరు ఎవరి పేరున వచ్చిందో ఆ మనిషే చేతికిచ్చి చదవమంటున్నాడు. అంచు జాగ్రత్తగా చింపి కాగితం విప్పాడు.

'పోశయ్య తాతకు భీవండికెళ్లి నిఖిల్ దండం పెట్టి చెప్పేది. మా తాత ఎల్లయ్య పోయిన ఆదివారం పొద్దుగాల చనిపోయిండు. నీకు ఫోన్ చేస్తె ఇనపడదని ఉత్తరం పంపుతున్న. పదకొండో దినం బుధవారం. నీతోని అయితె రా, కాకుంటె ఇబ్బంది పడకు. తాతకు ఆఖరుకు గొంతు పోయింది. సాంచల కాడ మాట్లాడినట్టు చేతులతోనే మాట్లాడిండు. పోయే ముందటి రోజు రెండు చెవులు మూసుకొని చూపించిండు. అది నువ్వే అని అమ్మమ్మ చెప్పింది. నీకు తెలువాలె అని పంపుతున్న.'

నాగేశ్ చూపు తనంతట తనే గోడ మీది క్యాలెండర్ మీద పడింది. బుధవారం. ఈ రోజే.

కవరు అందిన రోజే ఎవరైనా చదివి చెప్పి ఉంటే, ఆ రాత్రి బస్సెక్కి తెల్లారి భీవండిలో దిగేవాడు. పసుపు చూసి పద్మమ్మ సంబరపడింది, పసుపు చూసి ఈయన దేవుడి దగ్గర పెట్టాడు. తన చావు కబురు ముందు పోశయ్య మూడు రోజులు దీపం వెలిగిస్తాడని ఎల్లయ్య కలగన్నాడా? అదంతా ఈ ఉంగరపు వేలు చేసిన పని.

"జోరుగ సదువన్నా, మేం గూడ ఇంటం" అన్నారెవరో నవ్వుతూ. పోశయ్య కూడా నవ్వుతూనే చూస్తున్నాడు. వినపడాలంటే అరవాలి. పది మంది మధ్య నీ దోస్తు చచ్చిపోయాడని అరవాలి. శ్వేత నాగేశ్ ముఖం చూసి లేచి నిలబడింది.

నాగేశ్ కాగితం మడిచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, స్టూలు ముందు గొంతుక్కూర్చున్నాడు. సాంచల షెడ్డులో ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు. అక్కడ పనిచేసినవాళ్లకు చేతులే నోళ్లు. దారం తెగితే రెండు వేళ్లు, టీకి పోదామంటే బొటనవేలు పెదవికి, సాంచ ఆగితే పిడికిలి బిగించి ఛాతీ వైపు లాగడం. పిడి లాగి ఆపుతారు కాబట్టి. ఉత్తరంలో ఎల్లయ్య చేతుల మాట చదవకపోతే నాగేశ్‌కు ఇది తోచేది కాదు.

ముందు మీసం మెలేశాడు.

"ఆఁ, ఎల్లిగాడే!" పోశయ్య మురిసిపోయాడు. "నువ్వు గూడ సాంచల మీద చేసినోనివా?"

నాగేశ్ తల ఊపి, పిడికిలి బిగించి, మెల్లగా ఛాతీ దాకా లాగి ఆపేశాడు.

పోశయ్య ముఖం మీది నవ్వు వెంటనే పోలేదు. కొంచెంసేపు దిక్కుతోచకుండా అక్కడే ఉంది. వచ్చినప్పటి నుంచి మొదటిసారి ఆయన గొంతు తగ్గింది.

"సాంచ బందా? వానిదా?"

నాగేశ్ తల ఊపాడు. కాలేజీ పిల్ల తన కాగితాలు బల్ల మీద పెట్టి చప్పుడు కాకుండా బయటికి నడిచింది, ఒకరి వెనక ఒకరు మిగతావాళ్లూ నడిచారు. స్టూలు ఇచ్చిన ఆవిడ మాత్రం, కింద జారిన చీర సంచిని తీసి, దుమ్ము తుడిచి, బల్ల మీద భద్రంగా పెట్టి వెళ్లింది.

"ఎన్నడు?"

నాగేశ్ వేళ్లతో చెప్పాడు. పదకొండు. ఈ రోజు.

పోశయ్య కవరు తీసుకుని మూలను బొటనవేలితో రుద్దాడు. "మరి పసుపో?"

"నేనే పెట్టిన కాకా. సదువకుంట పెట్టిన. అన్నిటికీ పెడ్త." పెదవులు స్పష్టంగా కదిపి చెప్పాడు. రెండు చేతులూ జోడించాడు. "నాదే తప్పు."

పోశయ్య తిట్టలేదు. భీవండి గదిలో పెట్టె సర్దుకుని వెళ్లిన మనిషి కూడా తిట్టలేదు, నాగేశ్‌కు ఆ సంగతే భయమేసింది.

"మూడు దినాలు పెండ్లి పెండ్లి అనుకుంట తిరిగిన" అన్నాడు పోశయ్య. "మా బర్రెకు గూడ చెప్పిన." తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "వాడు పోయే ముందట నన్ను యాది చేసిండా? అది రాసిన్రా అండ్ల?"

నాగేశ్ రెండు అరచేతులతో తన రెండు చెవులూ మూసుకుని చూపించాడు. అప్పుడు ఏడ్చాడు పోశయ్య.

చివరికి కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "రివాజు చింపుమంటది. నేను చింప" అని జేబులో పెట్టుకున్నాడు. చీర మాత్రం ఎల్లయ్య మనుమరాలికి పంపమన్నాడు. మాసికాలు దాటాక, ఏడాది దాటాక, పెళ్లి ఎప్పుడైతే అప్పుడు కట్టుకుంటుందన్నాడు. శ్వేత పొట్లం కడుతుంటే, "దీనికి ఇయ్యాల పసుపు వద్దు బిడ్డా" అన్నాడు మెత్తగా. శ్వేత ఆయన ముందు అన్నం డబ్బా విప్పి పెట్టింది. రెండు ముద్దలు తిని, మూడోది చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాడు.

నాగేశ్ బయటికి వచ్చి భీవండికి ఫోను చేశాడు. జరిగింది దాచకుండా చెప్పాడు. అవతల ఆడవాళ్ల ఏడుపు, గిన్నెల చప్పుడు.

"నమ్మి పంపిన అన్నా" అన్నాడు నిఖిల్. కోపంగా అనలేదు. తర్వాత, "పోశయ్య తాత తిన్నడా?" అని అడిగాడు.

"రెండు ముద్దలు."

"తిననియ్యి. ఒక్కన్ని పంపకు."

నాగేశ్ ఒక్కణ్ణి పంపలేదు. ఇద్దరూ పోశయ్య ఊరికని హుస్నాబాద్ బస్సెక్కారు. పోశయ్య కిటికీ వైపు కూర్చుని నిద్రపోయాడు. నాగేశ్ ఫోను తీసి శ్వేతకు చెప్పాడు, "ఇది మనతోని కాదు. బంద్ చేద్దాం. జిరాక్సులే చేసుకుందాం."

"బంద్ చేస్తె ఆ చెవులు ఇనరానోళ్లకు ఎవరు చెప్తరు?" అంది శ్వేత. కీబోర్డు చప్పుడు వినపడుతోంది. ఆమె అప్పుడే ఏదో మొదలుపెట్టింది. "పసుపు పెట్టాల్నా వద్దా అని పంపేటోళ్లనే అడుగుదాం. ఎవరన్న కూసోని సదివి ఇనిపియ్యాల్నా అని గూడ అడుగుదాం. అడుగుడు నేను చూసుకుంట. సదివే మనిషిని మాత్రం నేను కంప్యూటర్లకెళ్లి తీయలేను. అది నువ్వు చూడు."

ఊళ్లో దిగేసరికి మూడు దాటింది. పోశయ్యను ఇంట్లో దించితే పక్కింటివాళ్లు సంగతి తెలుసుకుని వచ్చి కూర్చున్నారు, ఒకరు పొయ్యి రాజేశారు. నాగేశ్ అక్కడి నుంచి టపా గదికి నడిచాడు. పద్మమ్మ యాభై ఏళ్ల మనిషి, సైకిల్‌కు సంచి తగిలించి, మర్నాటి కాగితాలు ఊరివారీగా కట్టలు కడుతోంది. విషయం విని కట్ట కింద పెట్టేసింది.

"అయ్యో తల్లీ. ఊపుకుంట పోయింది నేనే గద. శుభం అని ఒర్రింది నేనే గద."

"నేను పసుపు పెట్టబట్టె గద అక్కా ఊపినవ్. నీ తప్పేం లేదు."

"నా తప్పు లేకపోవుడేంది? ఆడ రెండు నిమిషాలు ఆగి సదివితె అయిపోతుండె. ఎండ కొడ్తుంది, ఇంక రెండు ఊర్లున్నయ్ అనుకున్న." ఆమె కళ్లు తుడుచుకుంది. తర్వాత అతన్ని ఎగాదిగా చూసింది. "ఇప్పుడేం పని మీద వచ్చినవ్? నన్ను సదువుమంటానికా? నువ్వు 'మేము సదువం' అని పెద్దగ రాసుకున్నవట కదా, మా పోరడు ఫోన్ల చూపిచ్చిండు. నువ్వు సదువవు, నేను సదువాల్నా?"

నాగేశ్ తలొంచుకున్నాడు. ఆ మాట నిజమే. చదవకపోవడమే గౌరవమనుకుని ఇన్నాళ్లూ గోడ వైపు చూస్తూ మడతపెట్టాడు. అవతల ఆ కాగితం పట్టుకుని ఒక మనిషి ఒంటరిగా నిలబడతాడన్న సంగతి గోడమీద రాసి లేదు.

"పంపినోళ్లు సదివి ఇనిపియ్యమని అడిగితెనే అక్కా. వాళ్లు అడగంది నువ్వు ఇప్పొద్దు, నేను ఇప్ప. అడిగిన కవరు మీద మేం ఒక గీత గీసి పంపుతం."

"నా బీటుల ఆరు ఊర్లు. రోజుకు ఎన్ని గీతలు పంపుతవ్?"

"నెలకు ఒకటో రెండో. నీకెట్ల చెప్పాల్నో నాకు తెలుస్తలేదు. ఇది సర్కారు నీకు చెప్పిన పని కాదు. నేను చేతులు జోడించి అడుగుతున్న." జోడించాడు కూడా. "నిలవడి సదువకు అక్కా, కూసోని సదువు. చెవులు ఇనపడనోళ్లయితె మొఖం ఎదురుంగ పెట్టుకొని చెప్పు. సదివినంక ఎంబడే లేవకు. వాళ్ల నోట్లకెళ్లి ఒక మాట వచ్చేదాక, మంచిదో చెడ్డదో, ఒక్క మాట వచ్చేదాక, ఆడనే కూసో."